మూకీ కౌబాయ్ సినిమాల్లో ధర్మసంకటం: దొంగ మారాడు సరే, బాకీ ఎవరు తీర్చారు?

మూగతెర (చర్చ మొదలు)

అమెరికా మూకీ కౌబాయ్ సినిమాల గురించి మాట్లాడితే గుర్రాలు, తుపాకులు, దుమ్ము దగ్గరే ఆగిపోతుంటాం. వాటి లోపలి ధర్మసంకటాల కోసం ఈ చర్చ పెడుతున్నాను. 1909 నుంచి 1928 దాకా హద్దు పెట్టుకుందాం. 1903లో ఎడ్విన్ పోర్టర్ తీసిన ‘ది గ్రేట్ ట్రైన్ రాబరీ’ని కావాలనే పక్కన పెట్టాను. సుమారు పన్నెండు నిమిషాల ఆ సినిమాలో దొంగలు దోస్తారు, పారిపోతారు, చస్తారు. ఒక్కడూ ఒక్క క్షణం తటపటాయించడు.

ఆ తటపటాయింపు ‘బ్రాంకో బిల్లీస్ రిడెంప్షన్’లో (1910) బాగా కనిపిస్తుంది. ఎస్సెనే కంపెనీ సినిమా, నటుడు గిల్బర్ట్ ఎం. ఆండర్సన్. బిల్లీ చట్టానికి దొరక్కుండా తిరుగుతున్న దొంగ. జబ్బుపడిన మనిషి, అతని కూతురు ఎదురవుతారు. మందు తెమ్మని ఒకడికి డబ్బిచ్చి పంపితే వాడు ఆ డబ్బు కాజేస్తాడు. ఇక రోగిని తనే ఊళ్లోకి చేర్చాలి. ఊళ్లోకి వెళ్తే పట్టుబడతాడు.

ఏ సినిమా గురించి రాసినా మూడు సంగతులు చెప్పమని మనవి. హీరో ఏ ఇద్దరికి బాకీపడ్డాడు? నిర్ణయం ఏ షాట్‌లో జరిగింది? చివరికి ఖర్చు ఎవరి నెత్తిన పడింది? మూడోదే నాకు ముఖ్యం.

రీలుబండి

రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు సినిమా సరైన వేగంలో ఆడాలి. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు. ఒక రీలు నిండుగా ఉంటే 1000 అడుగులు, అంటే 16,000 ఫ్రేములు. సెకనుకు 16 ఫ్రేముల చొప్పున ఆడిస్తే 16 నిమిషాల 40 సెకన్లు. 20 చొప్పున 13 నిమిషాల 20 సెకన్లు. టాకీల వేగమైన 24తో ఆడిస్తే 11 నిమిషాల 7 సెకన్లకే అయిపోతుంది. ఆ రోజుల్లో కెమెరా తిప్పింది చేత్తో కాబట్టి ఒకే వేగం అంటూ లేదు, సినిమా సినిమాకూ మారేది.

దీనికీ ధర్మసంకటానికీ సంబంధం ఏమిటంటే, బిల్లీ తలుపు దగ్గర 96 ఫ్రేముల పాటు ఆగాడనుకోండి. 16తో అది ఆరు సెకన్ల ఆలోచన. 24తో నాలుగు సెకన్లు. ఆ రెండు సెకన్లు పోయాక చూసేవాడికి మనిషి తేల్చుకోలేక నలిగినట్టు ఉండదు, చకచకా వెళ్లిపోయినట్టు ఉంటుంది. మూకీ నటన నాటకీయం, కోతి గెంతులు అని చాలామంది అనడానికి సగం కారణం ఇదే.

చేయాల్సింది: మొదట మొత్తం నిడివి చూడండి. అయిదు రీళ్ల సినిమా నిండు రీళ్లయితే 18తో 74 నిమిషాలు, 20తో 67, 24తో 55కి కాస్త పైన. మీ దగ్గరున్న కాపీ ఏ లెక్కకు దగ్గరగా ఉందో చూసుకోండి. రీళ్లు అన్నీ నిండుగా ఉండవు కాబట్టి ఇది అంచనాకే. తర్వాత మనుషులు మామూలుగా నడిచే షాట్ చూడండి. పరుగు, గుర్రం మోసం చేస్తాయి, నడక చేయదు. వేగం ఎక్కువైతే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ప్లేబ్యాక్ వేగం 0.75 పెట్టండి, అది 24ని 18కి తెస్తుంది. 16 కావాలంటే 0.67. కాపీ తయారుచేసినవాళ్లు ముందే సరిచేసి ఉంటే మాత్రం మళ్లీ తగ్గించకండి, నీళ్లలో నడుస్తున్నట్టు అవుతుంది.

గోదారిగట్టు

నేను ‘స్ట్రెయిట్ షూటింగ్’ (1917) తీసుకుంటాను. జాన్ ఫోర్డ్ మొదటి పూర్తి నిడివి సినిమా, యూనివర్సల్ వాళ్లది, అయిదు రీళ్లు. చెయెన్ హ్యారీగా హ్యారీ కేరీ. పశువుల ఆసామి థండర్ ఫ్లింట్ దగ్గర డబ్బు తీసుకుని, స్వీట్‌వాటర్ సిమ్స్ అనే రైతును నేల వదిలించడానికి వస్తాడు. వచ్చేసరికి సిమ్స్ కుటుంబం కొడుకును పూడుస్తూ ఉంటుంది. నీళ్లకు వెళ్లిన ఆ కుర్రాణ్ని ఫ్లింట్ మనిషి ప్లేసర్ ఫ్రెమాంట్ కాల్చేశాడు. హ్యారీ ఆ సమాధి దగ్గరే పక్షం మారుస్తాడు.

మనకిది బాగా తెలిసిన చిక్కు. ఉప్పు తిన్న ఇంటికి కట్టుబడాలా, కళ్ల ముందు జరిగిన అన్యాయానికా? కురుక్షేత్రంలో యుద్ధం మొదలుకాకముందు ధర్మరాజు నమస్కరించడానికి వస్తే భీష్ముడు చెప్పిన మాట ‘అర్థస్య పురుషో దాసః’. మనిషి డబ్బుకు దాసుడు, కౌరవుల సొమ్ముతో కట్టుబడిపోయాను అని. ధర్మం ఎటుందో తెలిసి కూడా ఆయన కదలలేదు. హ్యారీ కదిలాడు. కదలడానికి అతనికి వాదన అక్కర్లేకపోయింది, ఒక సమాధి చాలింది.

నిర్ణయం జరిగిన షాట్ అదే. కేరీ దాదాపు ఏమీ చేయడు. ముఖం, నిలబడిన తీరు, అంతే. ఆ కాలానికి ఇంత తక్కువ నటన చాలా పెద్ద విషయం.

చట్టంపుస్తకం

గోదారిగట్టు గారూ, పక్షం మారడం వరకే చెప్పి ఆపేశారు. తర్వాత జరిగింది కూడా లెక్కలోకి రావాలి. రైతుల్ని కాపాడటానికి హ్యారీ తెచ్చింది చట్టం అమలు చేసే షెరీఫ్‌ను కాదు. బ్లాక్ ఐడ్ పీట్ అనే దొంగల నాయకుణ్ని, వాడి ముఠాను. ధర్మం నిలబెట్టడానికి దొంగల సాయం తీసుకున్నాడు. ఆ దొంగల పాత నేరాలేమయ్యాయో సినిమా అడగదు. నాకైతే అసలు సంకటం సమాధి దగ్గర కంటే ఇక్కడే ఉంది.

ఇంకో మాట. ఈ ‘మారిన దొంగ’ కథ ఎందుకు ఇంత త్వరగా పాతుకుపోయిందో అర్థం కావాలంటే సెన్సారు చూడాలి. షికాగో నగరం 1907లో ఒక ఆర్డినెన్సు తెచ్చింది. పోలీసు అధిపతి అనుమతి లేకుండా ఏ సినిమా ఆడకూడదు. దాని మీద కోర్టుకు వెళ్లిన కేసులో 1909లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు నగరం పక్షానే తీర్పు చెప్పింది. అమెరికాలో సినిమా సెన్సారు మీద మొదటి పెద్ద తీర్పు అది. వివాదంలో ఉన్న రెండు సినిమాలు ‘ది జేమ్స్ బాయ్స్ ఇన్ మిస్సోరి’, ‘నైట్ రైడర్స్’. జెస్సీ జేమ్స్ ముఠా మీద తీసిన ఆ మొదటిది ఎస్సెనే సినిమాయే, 1908లో వచ్చింది. అదే ఎస్సెనే 1910లో ‘బ్రాంకో బిల్లీస్ రిడెంప్షన్’ తీసింది.

దొంగను దొంగగా చూపితే అనుమతి రాదు. పశ్చాత్తాపపడే దొంగను చూపితే పాస్టర్లు కూడా మెచ్చుకుంటారు. ఇది నా అంచనాయే, కానీ సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూస్తే బలంగానే కనిపిస్తుంది. 1915లో మ్యూచువల్ ఫిల్మ్ కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు సినిమా కేవలం వ్యాపారం, దానికి వాక్ స్వాతంత్ర్యం వర్తించదు అని తేల్చేసింది. 1952 దాకా అదే చెల్లింది.

మూగతెర

చట్టంపుస్తకం గారూ, దీనికి ఇంకో జత ఉంది. ఓక్లహోమాలో అల్ జెన్నింగ్స్ నిజంగా రైలు దోపిడీలు చేసి జైలుకెళ్లి వచ్చినవాడు. బిల్ టిల్గ్‌మన్ నిజం మార్షల్, అంటే దొంగల్ని పట్టే చట్టం మనిషి. 1908లో ‘ది బ్యాంక్ రాబరీ’ అనే సినిమాకు టిల్గ్‌మన్ దర్శకుడు, జెన్నింగ్స్ నటుడు. తర్వాత 1914లో జెన్నింగ్స్ తన కథనే ‘బీటింగ్ బ్యాక్’గా తెరకెక్కించాడు. దొంగల్ని వీరుల్ని చేస్తున్నారని టిల్గ్‌మన్ 1915లో ‘ది పాసింగ్ ఆఫ్ ది ఓక్లహోమా అవుట్‌లాస్’ తీసి ఊరూరా తిప్పి చూపించాడు. సంకటం తెర మీదే కాదు, తెర వెనకా నడిచింది.

కొత్తచూపరి

నటుడు విలియం ఎస్. హార్ట్ పేరు ఇంకా రాలేదేమిటండీ? ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారిగట్టు

‘ది రిటర్న్ ఆఫ్ డ్రా ఈగన్’తో (1916) మొదలుపెట్టండి. ముఠా నాయకుడు ఈగన్ (హార్ట్) తప్పించుకుని, విలియం బ్లేక్ అనే పేరుతో యెల్లో డాగ్ ఊరికి మార్షల్ అవుతాడు. మొదట్లో అతనికిదంతా మంచి అవకాశం. తర్వాత ఆ ఊరంటే, మిర్టిల్ అనే అమ్మాయంటే మనసు పడుతుంది. అప్పుడు పాత జతగాడు అరిజోనా జో దిగుతాడు. ‘నన్ను ముట్టుకుంటే నీ పేరు బయటపెడతా’ అని బెదిరింపు.

ఇందులో గొప్ప సంగతి మధ్యభాగం. మార్షల్ చేతులు కట్టుకుని నిలబడతాడు, ఊరు మళ్లీ రౌడీల చేతిలోకి జారిపోతుంది. రహస్యం కాపాడుకుంటే ఊరు పోతుంది, ఊరు కాపాడుకుంటే రహస్యం పోతుంది. చివరికి తనే అందరి ముందూ నిజం ఒప్పుకుని, తర్వాత జోతో తలపడతాడు. ఈ వరస చూడండి: ఒప్పుకోలు ముందు, తుపాకీ తర్వాత. తిరగేసి ఉంటే, నోరు మూయించడానికి చేసిన హత్యే అయ్యేది. కథ రాసినవాళ్లకు ధర్మం మీద పట్టు ఉందని నాకు ఇక్కడే నమ్మకం కుదిరింది.

ఎర్రమట్టి

చివర్లో ఊరు అతన్నే మార్షల్‌గా ఉండమంటుంది. పాత దోపిడీల్లో నష్టపోయినవాళ్లు ఒక్కరూ తెర మీదకు రారు. బాధితుణ్ని చూపకుండా క్షమ చూపడం సులువు. మూగతెర గారి మూడో ప్రశ్నకు ఈ సినిమాలో జవాబు లేదు, ఖర్చు మాయమైపోయింది.

హార్ట్ సినిమాల్లో లెక్క నిజాయితీగా ఉన్నది ‘ది టోల్ గేట్’ (1920), లాంబర్ట్ హిల్యర్ దర్శకత్వం. బ్లాక్ డీరింగ్ పారిపోతున్న దొంగ. నీళ్లలో పడిన పిల్లవాణ్ని కాపాడటానికి ఆగితే పారిపోయే వీలు పోతుంది. ఆగుతాడు. ఆ పిల్లవాడి తల్లిని వదిలేసి పోయిన భర్త ఎవరో కాదు, డీరింగ్‌ను పట్టించిన ద్రోహి జోర్డన్. చివరికి షెరీఫ్ సరిహద్దు దాటనిస్తాడు, ఆమె తోడు వస్తానంటుంది, డీరింగ్ వద్దంటాడు. ఒంటరిగా వెళ్లిపోతాడు. బాకీ ఉన్నవాడే తీర్చాడు.

రీలుబండి

‘హెల్స్ హింజెస్’ (1916) కూడా చూడాలి. సాధారణంగా 64 నిమిషాలుగా దొరుకుతుంది, అయిదు రీళ్లకు అది సరైన నిడివే. కథ క్లుప్తంగా: మనసు గట్టిగా లేని యువ పాస్టర్ పట్నం నుంచి వస్తాడు. సెలూన్ (సారా దుకాణం) యజమాని సిల్క్ మిల్లర్ అతన్ని డాలీ అనే ఆవిడ చేత పతనం చేయిస్తాడు. తాగిన మత్తులో పాస్టరే గుంపుతో కలిసి చర్చికి నిప్పు పెట్టడానికి దిగుతాడు, చస్తాడు. పాస్టర్ చెల్లెలు ఫెయిత్ వల్ల మారిన తుపాకీవీరుడు బ్లేజ్ ట్రేసీ తిరిగొచ్చి మిల్లర్‌ను చంపి, సెలూన్‌ను, దాంతోపాటు ఊరంతటినీ తగలబెడతాడు.

ఇలాంటి సినిమాలను రంగు లేని కాపీల్లో చూస్తే పోయేదేమిటో చెప్తాను. ఆ రోజుల్లో ప్రింటును రంగునీళ్లలో ముంచేవారు. రాత్రికి నీలం, దీపం వెలుగున్న గదికి పసుపు, అగ్నికి ఎరుపు. రాత్రి సన్నివేశాలు పట్టపగలే తీసేవారు, నీలం రంగే అది రాత్రి అని చెప్పేది. తర్వాత నలుపు తెలుపు ఫిల్ము మీదకు ఎక్కించినప్పుడు ఆ రంగు పోయింది. మనిషి పట్టపగలు ఎందుకు నక్కుతున్నాడో తెలియక, అతను పిరికివాడనో దర్శకుడికి తెలివిలేదనో అనుకుంటాం. ఆకాశం తెల్లగా ఉండి, లోపల దీపం వెలుగుతుంటే అది రాత్రి అనుకోండి.

చట్టంపుస్తకం

ఆ ఊరు తగలబెట్టడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. చర్చి తగలబెట్టడం పాపమైతే, ఊరు తగలబెట్టడం పుణ్యం ఎలా అయ్యింది? బ్లేజ్‌కు అక్కడ సంకటమే లేదు. మతం మారిన కోపం, అంతే.

గోదారిగట్టు

సినిమా దాన్ని పుణ్యం అనదు, తీర్పు అంటుంది. ఖాండవ దహనం గుర్తు తెచ్చుకోండి. అక్కడా కృష్ణార్జునులు చేసిన పనిని సమర్థించే మాటలు వెతుక్కోవాల్సిందే. మీ అభ్యంతరం మాత్రం సరైనదే, ఊళ్లో ఉన్న ప్రతివాడూ మిల్లర్ కాదు.

ఎర్రమట్టి

ఇక నాకు ముఖ్యమనిపించే చోటికి వస్తాను. ఈ సినిమాల్లో తెల్ల హీరో సంకటం ఎంత తరచుగా ఆదివాసి మనిషి చావుతో తీరిపోతుందో గమనించండి.

‘ది స్క్వా మ్యాన్’ (1914), సెసిల్ బి. డెమిల్, ఆస్కార్ ఆప్ఫెల్ తీసింది, ఆరు రీళ్లు. బంధువు చేసిన డబ్బు నేరాన్ని తన మీద వేసుకుని ఇంగ్లండు వదిలిన జిమ్ పశ్చిమానికి వస్తాడు. నాటురిచ్ అనే ఆదివాసి స్త్రీ అతని ప్రాణం కోసం క్యాష్ హాకిన్స్‌ను కాలుస్తుంది. పెళ్లి, కొడుకు. కొన్నేళ్లకు ఇంగ్లండులో ఆస్తి, బిరుదు జిమ్‌కు దక్కుతాయి. కొడుకును అక్కడికి పంపాలా, తల్లి దగ్గర ఉంచాలా? హత్య సంగతి షెరీఫ్‌కు తెలిసిపోయింది, ఇప్పుడెలా? ఈ రెండు చిక్కుముళ్లూ ఒక్క దెబ్బతో విడిపోతాయి: నాటురిచ్ ఆత్మహత్య చేసుకుంటుంది. జిమ్ ఏదీ ఎంచుకోవాల్సిన పని లేకుండా పోయింది. సంకటాన్ని రాసినవాళ్లే దాన్నుంచి అతన్ని తప్పించేశారు.

ఆ పాత్ర వేసిన రెడ్ వింగ్, అసలు పేరు లిలియన్ సెయింట్ సిర్, హో-చంక్ తెగ ఆవిడ. ఆవిడ భర్త జేమ్స్ యంగ్ డీర్ కూడా దర్శకుడే. పాథే కంపెనీ కోసం 1910లో ‘వైట్ ఫాన్స్ డివోషన్’ తీశాడు. అందులోనూ ఆదివాసి భార్య, తెల్ల భర్త, కూతురు, వారసత్వం వచ్చిందని ఉత్తరం. భర్త వదిలేసి పోతాడనుకుని భార్య కత్తితో పొడుచుకుంటుంది. కత్తి పట్టుకున్న తండ్రిని చూసి పాప అతనే చంపాడనుకుంటుంది. తెగ వెంటాడి పట్టుకుంటుంది. చివరికి భార్య బతికే ఉంటుంది, ముగ్గురూ కలుస్తారు. స్క్వా మ్యాన్ నాటకం అప్పటికే 1905 నుంచి ఆడుతోంది. ఆ కథ ముగిసిన తీరుకు యంగ్ డీర్ ఒక్క రీలులో ఇచ్చిన జవాబులా ఉంటుంది ఇది.

మూగతెర

ఎర్రమట్టి గారూ, చాలా మంచి జత పెట్టారు. దర్శకుడు గ్రిఫిత్ బయోగ్రాఫ్ కంపెనీకి తీసిన ‘ది రెడ్ మ్యాన్స్ వ్యూ’ (1909) కూడా ఇక్కడికే చెందుతుంది. తెల్లవాళ్లు తెగను నేల నుంచి వెళ్లగొడుతూ ఒక యువతిని పనికత్తెగా ఉంచేసుకుంటారు. ఆమెను ప్రేమించినవాడు ముసలి తండ్రితో నడవాలా, ఆమె కోసం ఆగాలా? తండ్రితో వెళ్తాడు, తండ్రి పోయాక తిరిగొస్తాడు. సంకటం పూర్తిగా ఆదివాసి యువకుడిది. ఇలాంటివి అరుదు.

అదే గ్రిఫిత్ ‘ది బ్యాటిల్ ఎట్ ఎల్డర్‌బుష్ గల్చ్’లో (1913) పూర్తిగా వెనక్కి వెళ్లిపోయాడు. కుక్కపిల్లల దగ్గర మొదలైన గొడవలో తెగ నాయకుడి కొడుకును ఆ కుక్కపిల్లలున్న అమ్మాయి బాబాయి కాల్చి చంపుతాడు. యుద్ధం దాంతోనే వస్తుంది. ఆ మొదటి తూటా న్యాయమా అని సినిమా ఒక్క క్షణం ఆగదు. ముట్టడిలో శత్రువు చేతికి చిక్కకుండా ఆడమనిషిని మనమే చంపేద్దామని తల దగ్గరకు వచ్చే పిస్తోలు దగ్గర మాత్రం ఆగుతుంది. చేయి మాత్రమే ఫ్రేములోకి వస్తుంది. తీసిన తీరు గొప్పది. ఆగాల్సిన చోటు మాత్రం అది కాదు.

చట్టంపుస్తకం

‘టంబుల్‌వీడ్స్’కూ (1925) ఇదే జబ్బు. హార్ట్ చివరి సినిమా, కింగ్ బాగట్ దర్శకత్వం. 1893 సెప్టెంబరు 16న చెరోకీ అనే ఆదివాసి తెగ భూమిలోకి, ముందు చేరి నేల పట్టుకోవడానికి, జనం పరుగు. గీత దాటి ముందే దూరినవాణ్ని ‘సూనర్’ అంటారు. హార్ట్ పాత్ర డాన్ కార్వర్‌ను సూనర్ అని అన్యాయంగా నిర్బంధిస్తారు, అసలు మోసగాళ్లు వేరే ఉన్నారు. సినిమాలో ధర్మం అంటే గీత దగ్గర నిజాయితీగా నిలబడటం.

గీత అవతల నేల ఎవరిది? చెరోకీలు దాన్ని పశువుల ఆసాములకు కౌలుకిచ్చి ఆదాయం పొందేవారు. 1890లో అధ్యక్షుడు హారిసన్ అక్కడ పశువుల మేత నిషేధించాడు. కౌలు ఆగిపోయింది. ఆ ఒత్తిడిలోనే సుమారు 85 లక్షల డాలర్లకు నేల ప్రభుత్వానికి అమ్మాల్సి వచ్చింది. పశువుల మందలు ఖాళీ అవుతుంటే హార్ట్ టోపీ తీస్తాడు, ‘ఇక పశ్చిమం అయిపోయింది’ అన్న అర్థంలో తెర మీద మాటల కార్డు పడుతుంది. కళ్లు చెమరుస్తాయి, నిజమే. ఆ కన్నీళ్లు కౌబాయ్‌ల కోసమే.

కొత్తచూపరి

ఆడవాళ్లే నిర్ణయం తీసుకునే సినిమా లేదా?

గోదారిగట్టు

‘ది విండ్’ (1928), విక్టర్ సియోస్ట్రోమ్. లిలియన్ గిష్ చేసిన లెట్టీ తనను చెరిచినవాణ్ని కాలుస్తుంది, ఇసుకలో పూడుస్తుంది, గాలి ఇసుకను తవ్వేస్తూ శవాన్ని బయటపెడుతుంది. మొజావే ఎడారిలో విమానాల ప్రొపెల్లర్లు పెట్టి ఆ గాలి పుట్టించారు. భర్త లైజ్‌కు నిజం చెప్తుంది. న్యాయంగా చంపితే గాలే శవాన్ని కప్పేస్తుందని అతను అంటాడు, శవం కనబడదు. డొరొతీ స్కార్‌బరో నవలలో (1925) ఇలా ఉండదు, లెట్టీ గాలిలోకి నడిచి వెళ్లిపోతుంది. సినిమా ముగింపు నాకు తక్కువగా అనిపించదు. ఆమె తను చేసింది దాచకుండా చెప్పేసిన తర్వాతే ఊరట వస్తుంది, ఈగన్ లాగే.

ఎర్రమట్టి

ముగింపు మీద ఒప్పుకోను. ఆమె న్యాయాన్యాయాలు గాలికీ భర్తకూ వదిలేశారు. అయినా తప్పక చూడాల్సిన సినిమా.

కొత్తచూపరి

రెండు సినిమాలే చూసే వీలుంటే?

రీలుబండి

‘వైట్ ఫాన్స్ డివోషన్’, వెంటనే ‘ది స్క్వా మ్యాన్’. మొదటిది ఒక్క రీలే. మీ కాపీ పదకొండు నిమిషాలకు అటూఇటూగా ఉంటే, రీలు కొంత తగ్గి ఉందా, వేగం ఎక్కువా అన్నది నడక చూసి తేల్చుకోండి. పాప తండ్రిని కత్తితో చూసే చోట వేగం తగ్గించి ఒకసారి, మామూలుగా ఒకసారి చూడండి. తండ్రి చేయి, పాప చూపు ఒకే షాట్‌లో ఉంటే కళ్లు రెండింటి మీదా ఒకేసారి నిలవవు. మొదటిసారి పాపను, రెండోసారి తండ్రిని చూడండి.